ఈ బండి ఏ తొవ్వల తిరిగింది?

(హన్మకొండలో ఒక ఆదివారం పొద్దున పిల్లలు, తల్లిదండ్రులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మాట్లాడేముందు ఈ కారును మొదటి వరుసకు ఇస్తున్నాను. తిప్పి చూడండి, వెనక వరుసకు పంపండి. కింద చాసిస్ దగ్గర పట్టుకోండి. వైపర్ల జోలికి మాత్రం పోకండి, ఒక్కో వైపర్‌కు నాకు ఒక్కో సాయంత్రం పట్టింది. నేను ముగించేలోపు అది హాలంతా తిరిగి మళ్లీ ఈ బల్ల మీదికి రావాలి.

అది తెల్ల అంబాసిడర్. మా బాపు వరంగల్ స్టేషన్ బయట చాలా ఏండ్లు కిరాయికి నడిపిన బండికి నేను చేసిన నమూనా. మొదటిసారి చూపించినప్పుడు ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, "మంచిగనే ఉంది గని, ఇది ఏ తొవ్వల తిరిగిందిరా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. రెండు నెలలు కూర్చుని, అద్దంలా మెరిసేదాకా పాలిష్ కొట్టి తెచ్చాను మరి. "షోరూంల నుంచి గిప్పుడే దించినట్టున్నది. నా బండి ఒక్కనాడన్న గిట్లున్నదా?" అని మళ్లీ నా చేతికే ఇచ్చేశాడు.

ఆ ఒక్క ప్రశ్న నా చేతి పనినే మార్చేసింది. ఇవాళ మీతో చెప్పాలనుకున్నది కూడా అదే. కారు నమూనా చేయాలంటే ముందు కత్తి, రంగు, గమ్ము కాదు కావలసింది. ఆ బండి ఏ దారిన తిరిగిందో, ఎవర్ని ఎక్కించుకుందో, ఏ ఎండలో నిలబడిందో తేల్చుకోవాలి. ఆ తర్వాతే పని.

అయితే ముందు లెక్క. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు. 24తో భాగిస్తే 18 సెంటీమీటర్లు. విడి ముక్కలుగా వచ్చి మనమే అతికించుకునే ప్లాస్టిక్ కిట్లలో ఎక్కువగా కనబడే 1/24 స్కేలు ఇదే. ఇంగ్లిష్ కొలతల్లో అడుగుకు అర అంగుళం అన్నమాట. 1/43 అని ఇంకొకటి ఉంది. ఆ విచిత్రమైన అంకె బొమ్మ రైళ్ల నుంచి వచ్చింది. బ్రిటన్‌లో ‘ఓ’ గేజ్ అనే రకం బొమ్మ రైళ్లను అడుగుకు 7 మిల్లీమీటర్ల చొప్పున చేసేవారు. ఆ బొమ్మ స్టేషన్ల ముందు నిలబెట్టడానికి అదే కొలతలో కార్లు కూడా వచ్చాయి. కాజీపేట ఇంజన్ల కూతలు వింటూ పెరిగినవాణ్ని, కారు కొలత రైలు నుంచి వచ్చిందంటే నాకు లోపల కాస్త గర్వంగానే ఉంటుంది.

పిల్లలూ, ఒక ప్రశ్న. మారుతి 800 బరువు ఇంచుమించు 650 కిలోలు. దాన్ని 24వ వంతుకు కుదిస్తే ఎంత బరువుండాలి? ఇరవై ఏడు కిలోలు అంటున్నారు ఎవరో. అంత బరువు బొమ్మను మీ అమ్మ అలమరాలో పెట్టనిస్తుందా? పొడవు 24వ వంతు, వెడల్పు 24వ వంతు, ఎత్తూ 24వ వంతు. మూడూ గుణిస్తే 13,824. 650 కిలోలను దానితో భాగించండి. 47 గ్రాములు! ఒక నిమ్మకాయ బరువు. దాని టైరు ఎత్తును 24తో భాగిస్తే సుమారు 21 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే రూపాయి బిళ్లంత.

ఇంతవరకు లెక్క మన మాట వింటుంది. మందం దగ్గరికి వచ్చేసరికి ఎదురు తిరుగుతుంది. కారు బాడీ రేకు మిల్లీమీటరు కూడా ఉండదు. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ బాడీయే మిల్లీమీటరు దాటి ఉంటుంది. దాన్ని 24 రెట్లు పెంచి చూడండి, అంగుళం మందం రేకున్న కారు! అది కారు కాదు, యుద్ధ ట్యాంకు. అలాగని ప్లాస్టిక్‌ను కాగితమంత పలచగా చేయలేం, విరుగుతుంది. అందుకని మోసం చేస్తాం. కిటికీ అంచులు, చక్రాల పైనుండే వంపులు, వీటిని లోపలివైపు నుంచి కత్తితో గీకి, అంచు మాత్రమే పలచగా కనబడేట్టు చేస్తాం. కన్ను అంచునే చూస్తుంది, లోపల ఎంత మందం ఉందో అడగదు. తలుపుల సందుల గీతలను కూడా కత్తి వీపుతో నెమ్మదిగా లోతు చేయాలి. లేకపోతే నాలుగు పొరల రంగు పడేసరికి ఆ సందులు పూడుకుపోతాయి.

రంగు సంగతి. నేను ఒక పెద్ద తప్పు ఇక్కడే చేశాను. మొదటి కిట్ కొన్నప్పుడు, మనకు తెలిసిన పేంటింగ్ షెడ్ ఉంది కదా, అసలు కార్లకు వేసే రంగే వేద్దామనుకున్నాను. షెడ్‌లో అన్నను బతిమాలితే థిన్నర్ కలిపిన డ్యూకో రంగు గన్నుతో కొట్టాడు. బాడీ తళతళమంది. ఇద్దరం మురిసిపోయాం. రెండు నిమిషాలు కాలేదు, బానెట్ మీద సన్న గీత పడింది. చూస్తుండగానే ఇంకోటి, దానికి అడ్డంగా మరోటి. పైకప్పు మొత్తం ఎండాకాలం చెరువు మట్టిలా పగుళ్లిచ్చింది. ఆ థిన్నర్ పాలీస్టైరిన్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. ఇనుప రేకుకు ఏమీ కాదు, ప్లాస్టిక్‌కు గండం. "గిది రేకు గాదా తమ్మీ?" అన్నాడు ఆ అన్న, పాపం. తప్పు ఆయనది కాదు. ప్లాస్టిక్ మీద ముందు ప్రైమర్‌ను, అంటే రంగు కింద వేసే పూతను, పొగమంచులా పలచగా రెండు మూడు విడతలు వేసి, ఆరనిచ్చి, అప్పుడు రంగు వేయాలి. పిల్లలైతే నీళ్లలో కలిసే ఆక్రిలిక్ రంగులు చాలు, థిన్నర్ గొడవే వద్దు.

మన వాతావరణం కూడా ఊరుకోదు. వానాకాలం ముసురు రోజున డ్యూకో లాంటి రంగు కొడితే తెల్లగా పాలిపోతుంది. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు పై పొర చల్లబడి, గాలిలో ఉన్న తేమ దాని మీద పడుతుంది. మే నెల మధ్యాహ్నం ఇంకో బాధ, గన్ను నుంచి బయలుదేరిన చుక్క బాడీని చేరేలోపే ఎండిపోయి గరుకుగా పడుతుంది. నేను ఎండాకాలంలో తెల్లారుజామున ఐదింటికి రంగు వేస్తాను. ఆ సమయానికి మా వీధిలో నాతోపాటు లేచి ఉండేది పాలవాడే.

అసలు కారు రంగును యథాతథంగా వేస్తే ఇంకో చిక్కు ఉంది. మెటాలిక్ రంగులోని మెరుపు రేణువులు అసలు కారు మీద కలిసిపోయి కనబడతాయి. చిన్న కారు మీద విడివిడిగా చమ్కీల్లా కనబడతాయి, పెళ్లి బ్యాండ్ వాళ్ల బండిలాగా. తెలుపు కూడా పచ్చి తెలుపు వేస్తే సున్నం కొట్టినట్టుంటుంది. నేను చుక్క బూడిద రంగు, అర చుక్క పసుపు కలుపుతాను.

ఇక దుమ్ము. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు మాట్లాడితే ఓపిక పట్టండి.

మీ చేతుల్లో తిరుగుతున్న ఆ బండి మేడారం జాతర నుంచి తిరిగి వస్తోంది. రెండేండ్లకోసారి మాఘమాసంలో బాపుకు నిద్ర ఉండేది కాదు. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా రాత్రింబవళ్లు ట్రిప్పులే. పోయేటప్పుడు కారు పైన క్యారియర్ మీద బంగారం, అదే బెల్లం, మూటలుగా కట్టి ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ గోనెసంచి, దాని తాడు, కరిగి అంటుకున్న బెల్లం మరక. ఆ మరకను జాగ్రత్తగా చూడండి, గోధుమ రంగులో చుక్క వార్నిష్ కలిపి పెట్టాను. మొదట పైపుల లీకులకు పెట్టే ఎంసీల్‌తో బెల్లం ముద్దలు చేసి పెడితే బాపు, "బంగారం అమ్మవార్లకు ఇచ్చినంక మల్ల ఇంటికెందుకు తెస్తర్రా?" అన్నాడు. పీకేశాను.

దుమ్ము అంతటా ఒకేలా పడదు. చక్రం వెనకాల ఎక్కువ, తలుపుల కింది అంచున ఎక్కువ, అన్నిటికంటే డిక్కీ మీద ఎక్కువ. ఎందుకంటే కారు పోతున్నప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి తగ్గి, లేచిన దుమ్మంతా సుడి తిరిగి వెనక్కే అంటుకుంటుంది. ముందు అద్దం మీద వైపర్ తిరిగినంత మేర శుభ్రంగా, మూలలు మసకగా ఉంటాయి. పైకప్పు, బానెట్ ఎండకు వెలిసిపోతాయి, పక్కలు అంతగా వెలవవు. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ చూడక్కర్లేదు, చౌరస్తాలో పది నిమిషాలు నిలబడండి చాలు. భూపాలపల్లి నుంచి వచ్చిన బండికి బొగ్గు నలుపు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు తిరిగిన బండికి తెల్లటి రాతిపొడి, మా బాపు బండికి ఎర్రమట్టి.

అసలు మట్టినే తెచ్చి చల్లితే పోలా అనుకుంటారు. నేనూ అనుకున్నాను, పంచె గుడ్డలో జల్లించి మరీ చల్లాను. పదో వంతు మిల్లీమీటరు రేణువు కూడా ఈ స్కేలులో రెండున్నర మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. కంకర లారీ బోల్తా పడ్డట్టు కనబడింది. బొమ్మలు వేసేవాళ్లు వాడే పొడి పేస్టల్ చాక్‌ను బ్లేడుతో గీకి, ఆ పొడిని మెత్తటి బ్రష్‌తో అద్దాలి. ఆయిల్ పేస్టల్ పనికిరాదు. తర్వాత మ్యాట్ వార్నిష్, అంటే మెరవని వార్నిష్, కొడితే నిలుస్తుంది. కానీ వార్నిష్ పడగానే దుమ్ము సగం మాయమవుతుంది. అందుకని డిక్కీ మీద నేను వార్నిష్ కొట్టలేదు.

నెంబరు ప్లేటు దగ్గర కూడా బండి చరిత్ర తెలిసి ఉండాలి. ఒక అబ్బాయి నాకు అంబాసిడర్ చేసి చూపించాడు, చాలా బాగా చేశాడు, కానీ టీఎస్ 03 ప్లేటు పెట్టాడు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్‌ను పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో ఆపేశారు. తెలంగాణ వచ్చింది అదే ఏడాది జూన్ 2న. కొత్త అంబాసిడర్‌కు టీఎస్ ప్లేటు పడటమంటే చాలా అరుదైన సంగతి. మన ఊరి అంబాసిడర్‌కు ఏపీ 36 అందం. ఆ ప్లేటు కోసం రేడియం షాపుకు పోతే, "గింత చిన్న అక్షరాలు మిషన్ కొయ్యదు సార్" అన్నాడు. ఫొటో కాగితం మీద ప్రింటు తీయించుకున్నాను.

బాడీ ఎలా చేశానని ఎవరో చీటీ పంపారు. పొనికి చెక్కతో. నిర్మల్ బొమ్మలు చేసే చెక్క అదే, తేలిక, మెత్తన, కత్తికి వెన్నలా లొంగుతుంది. చెక్కతో కారు ఆకారం చెక్కి, లప్పం పెట్టి, వాటర్ పేపర్‌తో నునుపు చేసి, వేడికి మెత్తబడ్డ ప్లాస్టిక్ షీటును దాని మీద లాగి అచ్చు తీశాను. మూడుసార్లు చిరిగింది. నిర్మల్, చేర్యాల కళాకారులు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పెట్టేది కూడా ఒక లప్పమే కదా. ఇవాళ ప్రపంచమంతా కిట్లు అమ్ముతున్న జపాన్ టామియా కంపెనీ కూడా 1946లో షిజువోకాలో కలప మిల్లుగానే మొదలైంది. చెక్క నమూనాలు చేసి చేసి, 1960లో ప్లాస్టిక్‌లోకి వచ్చింది. నిర్మల్ నుంచి షిజువోకా దాకా దారి ఒకటేనని నేను అనను గానీ, చెక్క మాత్రం ఒకలాగే మాట్లాడుతుంది.

కిట్లు వేలల్లో ఉంటాయి, మా పిల్లలకు ఎక్కడ కొనిపెడతాం అని మీరు చూసే చూపు నాకు తెలుస్తూనే ఉంది. కొనొద్దు. ఇంట్లో పడున్న హాట్‌వీల్స్ చాలు. 1968 నుంచి వస్తున్న ఆ చిన్న కార్లను 1/64 అంటారు గానీ, ప్యాకెట్‌లో పట్టాలి కాబట్టి బస్సూ కారూ ఒకే పొడవుంటాయి, ఆ అంకెను మరీ నమ్మకండి. అడుగున రెండు రివెట్లుంటాయి. పెద్దవాళ్లు దగ్గరుండి మూడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టుతో వాటి తలలు తొలిస్తే బండి రెండు ముక్కలుగా ఊడివస్తుంది. అద్దాలు, సీట్లు తీసి పక్కన పెట్టి, లోహపు బాడీ రంగు ఊడదీసి, మీకు నచ్చిన రంగు వేసి మళ్లీ బిగించండి. అద్దాలకు సూపర్ గ్లూ పెట్టకండి, దాని ఆవిరికి అద్దం పాలలా తెల్లబడుతుంది. తెల్ల ఫెవికాల్ చాలు, ఆరితే కనబడదు. గమ్ము పెట్టడానికి మెడికల్ షాపు సిరంజి, పట్టుకోవడానికి కనుబొమల ప్లక్కర్. అమ్మను అడిగి తీసుకోండి.

ఆ, వచ్చేసింది బండి. వైపర్లు రెండూ ఉన్నాయి, అందరికీ దండం. క్యారియర్ ఉంది, గోనెసంచి ఉంది. డిక్కీ మీద... ఎవరో వేలితో గీత గీశారు. ఎవరని అడగను. బాపు బండి డిక్కీ మీద దుమ్ములో కూడా వీధి పిల్లలు రోజూ ఏదో ఒకటి రాసిపెట్టేవాళ్లు, ఆయన తుడవడానికి ముందు ఒకసారి చదివేవాడు. ఇది ఒక సెంటీమీటరు వేలిగీత. 24 రెట్లు అంటే జానెడు వెడల్పు. మేడారం తొవ్వలో జానెడు వెడల్పు వేలున్న పిల్లవాడు ఎవడో ఎదురైనట్టున్నాడు, ఇంటికి పోయి బాపుకు చూపించాలి.