యవనులంటే అసలు ఎవరు?

పాత గ్రంథంలో ‘యవనులు’ అని కనబడగానే ‘ముస్లింలు’ అని అర్థం రాసేస్తున్నారు. ఇది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ అర్థం లేదని కాదు, చాలా తర్వాత వచ్చింది. మొదట్లో యవనులంటే గ్రీకులు. అశోకుడి 13వ శిలాశాసనంలోనే ‘యోనరాజు’, అంటే యవనరాజు, అంతియోకుడనే గ్రీకు రాజు ఉన్నాడు. అప్పటికి ఇస్లాం పుట్టడానికి ఇంకా 800 ఏళ్లకు పైనే ఉంది!

(స్క్రీన్ మీద: బేస్‌నగర్ స్తంభం)

మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గరున్న ఈ స్తంభమంటే నాకు ప్రాణం. క్రీ.పూ. 2వ శతాబ్దం చివరిది. బ్రాహ్మీ లిపిలో ఏముందో చూడండి: దేవదేవుడైన వాసుదేవుడికి ఈ గరుడధ్వజాన్ని చేయించినవాడు హెలియోడోరస్. దియుని కొడుకు, తక్షశిలవాసి, భాగవతుడు, ‘యోన దూత’. ‘యోన’ అంటే ప్రాకృతంలో యవనుడే. పేరు గ్రీకు, పంపిన రాజు అంతియాల్కిదస్ గ్రీకు, కొలిచే దేవుడు వాసుదేవుడు!

మరి ఈ పేరెక్కడిది? ఇప్పటి టర్కీ పడమటి తీరంలో గ్రీకుల సీమ అయోనియా. పారశీకులకు దగ్గరున్న గ్రీకులు వాళ్లే. అందుకే పారశీక చక్రవర్తి దరియస్ శాసనాల్లో గ్రీకులు ‘యౌన’ అయ్యారు. పారశీకుల ద్వారానే ఆ పేరు మనదాకా వచ్చింది.

ఇక సాహిత్యం. పతంజలి రాసిన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో ‘యవనుడు సాకేతాన్ని ముట్టడించాడు’ అని ఒక ఉదాహరణ ఉంది. చెప్పేవాడి కాలంలోనే జరిగిన సంగతికి ఏ క్రియారూపం వాడాలో చూపడానికి ఇచ్చాడు. అంటే అది అప్పటి తాజా వార్త! వ్యాకరణంలో చరిత్ర దొరకడం ఎంత అదృష్టమో. శాకుంతలంలో వేటకెళ్లిన దుష్యంతుడి చుట్టూ విల్లులు పట్టుకుని ఉండేది యవన స్త్రీలే. గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో మాత్రం ఆమె కొడుకు, శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి శక, యవన, పహ్లవులను సంహరించినవాడు. విదిశలో గరుడధ్వజం ఎత్తిన హెలియోడోరస్‌దీ అదే పేరు, ఇక్కడ శత్రువులదీ అదే పేరు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. గ్రీకు రాజ్యాలు పోయాయి, పేరు మిగిలింది. పడమటి నుంచి వచ్చిన పరదేశులందరికీ అంటుకుంది, ఆ వరసలోనే తురుష్కులకూ, అంటే ముస్లిం పాలకులకూ వచ్చింది. శ్రీకృష్ణదేవరాయల ‘యవనరాజ్య స్థాపనాచార్య’ బిరుదులో యవనులంటే బహమనీ సుల్తానులు. కాబట్టి ‘యవన’ కనబడితే ముందు ఆ రచన ఏ కాలానిదో చూడండి, అర్థం ఆ తర్వాత రాయండి.