చిన్న లేత్ మీద తరిమెన పని: ఉలి వాలు చెప్పే మాట

సభకు నమస్కారం.

తిరిగే చెక్కకు ఉలి ఆనించి గుండ్రంగా మలచడాన్ని తెలుగులో తరిమెన పట్టడం అంటారు. ఈ పనిని జీవనోపాధిగా కాక, తీరిక వేళల్లో బల్ల మీద బిగించుకున్న చిన్న లేత్‌తో, అంటే చెక్కను తిప్పే యంత్రంతో, చేయాలనుకునేవారి కోసం ఈ నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఈ విద్యలో చేతి బలం కన్నా, మోటారు సత్తా కన్నా ముఖ్యమైనది ఉలి వాలు, అంటే ఉలి అంచు వెనుక సాన పట్టిన ఏటవాలు ముఖం, చెక్కను ఆనుకుని ఉండటం. నేను చెప్పబోయేదంతా చివరకు ఆ ఒక్క విషయం దగ్గరికే చేరుతుంది.

ఈజిప్టులో క్రీ.పూ. 300 ప్రాంతానికి చెందిన పెటోసిరిస్ సమాధి గోడ మీద ఒక లేత్ బొమ్మ ఉంది. అందులో ఒక మనిషి తాడు లాగి చెక్కను తిప్పుతుంటే మరొకడు ఉలి పట్టుకుని ఉంటాడు. తాడును ముందుకు లాగినప్పుడు చెక్క ఒక వైపు, వెనక్కి లాగినప్పుడు మరో వైపు తిరుగుతుంది కనుక తిరుగుడులో సగం వృథాగా పోయేది. ఒకే దిశలో ఆగకుండా తిరిగే లేత్‌లు ఆ తర్వాత చాలా కాలానికి వచ్చాయి. ఈ తరిమెన పనిని ఇష్టంతో నేర్చుకున్నవారిలో రష్యాను ఏలిన మొదటి పీటర్ చక్రవర్తి ఒకరు. ఆయన తన కొలువులో లేత్‌ల కోసం ప్రత్యేకంగా కార్ఖానా పెట్టించుకుని, ఆంద్రేయ్ నార్తోవ్ అనే నిపుణుణ్ణి దగ్గర ఉంచుకున్నాడు.

చిన్న లేత్ అంటే సాధారణంగా 10 లేదా 12 అంగుళాల వ్యాసం గల చెక్కను తిప్పగలిగేది. గిన్నెలు, పళ్లేలు, పిడులు, బొంగరాలు చేసుకోవడానికి అది చాలు. దాన్ని కదలని బల్ల మీద, ఇరుసు మీ మోచేతి ఎత్తుకు వచ్చేలా అమర్చుకోండి. వేగం విషయంలో ఒక పాత లెక్క నాకు ఎప్పుడూ ఉపయోగపడింది: అంగుళాల్లో వ్యాసాన్ని నిమిషానికి చుట్ల సంఖ్యతో గుణిస్తే 6,000కు, 9,000కు మధ్య రావాలి. అంటే 10 అంగుళాల గిన్నెకు 900 చుట్లు పై హద్దు. ఆ వేగంలో దాని అంచు గంటకు సుమారు 43 కిలోమీటర్ల వేగంతో మీ ఉలి ముందు నుంచి పరుగెడుతుంటుంది. ఇంకా గుండ్రం కాని మొద్దును దీనికన్నా చాలా తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. స్విచ్ వేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి.

ఇక ఉలి సంగతి. ముందు ఉలి కాడను, చెక్క ముందు ఉలికి ఆసరాగా ఉండే ఆనుడు పట్టె మీద ఉంచాలి, ఆ తర్వాత వాలు మడమను, అంటే వాలులో అంచుకు దూరంగా ఉండే కొసను, తిరిగే చెక్కకు తాకించాలి. అప్పుడు ఉలి చెక్క మీద జారుతుందే తప్ప కోయదు. అక్కడి నుంచి పిడిని మెల్లగా పైకెత్తుతూ పోతే, ఒకానొక క్షణంలో సన్నని పొట్టు లేవడం మొదలవుతుంది. కోత అక్కడే ఉంది. వాలు చెక్కను ఆనుకుని ఉన్నంతసేపూ ఉలి ఎంత లోతుకు దిగాలో అదే అదుపు చేస్తుంది. వాలు ఆసరా తప్పి అంచు ఒక్కటే చెక్కకు దొరికితే, చెక్క ఉలిని లోపలికి లాక్కుంటుంది.

నా మొదటి గిన్నె నాకు ఆ పాఠం నేర్పింది. లోపలి భాగం తొలుస్తూ, తొందరలో గౌజ్ (గాడి ఉన్న ఉలి) అంచునే ముందు ఆనించాను. ఒక్క దెబ్బతో ఉలి కరుచుకుంది, చెక్కను బిగించి పట్టే చక్ పట్టులో ఉన్న గిన్నె పాదం విరిగింది, గిన్నె నా ఎడమ భుజం పక్క నుంచి వెళ్లి గోడకు తగిలింది. ముఖానికి కవచం ఉంది, తిరిగే చెక్కకు సూటిగా ఎదురుగా కాక కొంచెం పక్కకు నిలబడ్డాను, అందువల్ల నాకు దెబ్బ తగల్లేదు. గిన్నెల విషయంలోనే మరో మాట: కడ్డీలను గుండ్రం చేయడానికి వాడే వెడల్పాటి రఫింగ్ గౌజ్‌ను గిన్నె మీద ఎన్నడూ పెట్టకండి. పిడిలోకి దిగే చోట దాని కాడ సన్నగా ఉంటుంది, ఆ దెబ్బకు విరిగిపోతుంది.

చెక్క పీచు ఎటు నడుస్తోందో తెలియకుండా వాలు ఒక్కటే పని పూర్తి చేయదు. పెన్సిల్ చెక్కేటప్పుడు బ్లేడును లావు వైపు నుంచి మొన వైపు నడుపుతాం. కడ్డీ పనిలోనూ అంతే, పెద్ద వ్యాసం నుంచి చిన్న వ్యాసానికి దిగుతూ కోయాలి. గిన్నెలో పీచు ఇరుసుకు అడ్డంగా ఉంటుంది కనుక పద్ధతి తలకిందులవుతుంది: బయటి వైపు పాదం నుంచి అంచుకు, లోపలి వైపు అంచు నుంచి మధ్యకు. అలా చేస్తే తెగుతున్న ప్రతి పీచుకూ వెనుక మరో పొడవైన పీచు ఆసరాగా ఉంటుంది. మీ గిన్నెలో ఎదురెదురుగా రెండు చోట్ల మాత్రమే చెక్క గరుకుగా లేచి కనిపిస్తే, ఒక్కో చుట్టులో రెండుసార్లు ఎదురయ్యే పీచు కొసలను ఉలి కోయలేక చింపేసిందని అర్థం. అది గరుకు కాగితంతో రుద్ది దాచే లోపం కాదు. లేత్ ఆపండి, ఉలిని సాన పట్టండి, ఒక పలచని కోత తీయండి. గట్టి చెక్క మీద నేను పది, పదిహేను నిమిషాలకోసారి సాన దగ్గరికి వెళ్తాను. మొక్కపోయిన ఉలి పొడి రాలుస్తుంది, పదునైన ఉలి చుట్టలు చుట్టుకునే పొట్టు తీస్తుంది.

ఆ పొడి గురించి ఖచ్చితంగా ఉండాలి. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది, కాబట్టి మాస్కు లేకుండా గరుకు కాగితం పట్టవద్దు. వదులైన చొక్కా చేతులు, గొలుసులు, చేతి తొడుగులు, విరబోసిన జుట్టు లేత్ దగ్గరికి రాకూడదు. మెరుగు పెట్టడానికి గుడ్డ కాక కాగితమే వాడాలి, ఎందుకంటే పట్టుబడితే కాగితం చిరుగుతుంది, గుడ్డ వేలిని లాక్కుపోతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండగా పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు, దాన్ని పరిచి ఆరబెట్టాలి.

చివరగా పచ్చి చెక్క. అప్పుడే కోసిన మొద్దును తరిమెన పట్టడం చాలా హాయైన పని, తడి పొట్టు రిబ్బన్లలా వస్తుంది. అయితే ఆరేటప్పుడు చెక్క పొడవునా దాదాపు తగ్గదు, అడ్డంగా మాత్రం తగ్గుతుంది. వార్షిక వలయాల వెంట తగ్గే మేర, వాటికి అడ్డంగా తగ్గే మేరకు సుమారు రెట్టింపు. అందుకే గుండ్రటి గిన్నె కోలగా మారుతుంది. దీనికి ఉపాయంగా మొదట గోడను వ్యాసంలో పదో వంతు మందంగా వదిలి, అంటే 10 అంగుళాల గిన్నెకు ఒక అంగుళం ఉంచి, గాలి మెల్లగా తగిలే చోట పెట్టి అప్పుడప్పుడూ తూచాలి. బరువు తగ్గడం ఆగిపోయిన తర్వాత, ముందు పాదాన్ని సరిచేసి, మళ్లీ లేత్‌కు ఎక్కించాలి. అప్పుడు వాలు ఆనించి నెమ్మదిగా పిడి ఎత్తితే, చుట్టుకు రెండు చోట్లే తగులుతూ టక్ టక్ మని చప్పుడు వస్తుంది. రెండు మూడు కోతలకు ఆ చప్పుళ్ల మధ్య ఎడం తగ్గుతూ వస్తుంది, కాసేపటికి అవి కలిసిపోయి ఒకే తెంపు లేని ధ్వని అవుతుంది. కళ్లు మూసుకుని విన్నా, గిన్నె మళ్లీ గుండ్రమైందని తెలిసిపోతుంది.