బ్రెగ్జిట్ ఓటు మర్నాడు: గెలిచినవారి అనుమానం, ఓడినవారి చిన్నచూపు

నమస్కారం. ఈరోజు బ్రెగ్జిట్ గురించి, అంటే యూరప్ దేశాల కూటమి అయిన యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బ్రిటన్ బయటకు రావడం గురించి మాట్లాడుకుందాం. ఒప్పందాలు, సుంకాల సంగతి కాదు. 2016 జూన్ 23న ఓటు వేసిన బ్రిటన్ జనం, ఫలితం తెలిశాక ఒకరి గురించి ఒకరు ఏమనుకున్నారు, ఏమన్నారు అన్నదే ఇవాళ్టి విషయం. ఓటు కన్నా ఆ మాటలే ఆ దేశాన్ని ఎక్కువగా గాయపరిచాయని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు లెక్కలు చెప్పేస్తాను. యూరోపియన్ యూనియన్‌లో కొనసాగాలా, బయటకు రావాలా అన్నది ప్రశ్న. 3 కోట్ల 35 లక్షల మంది ఓటు వేశారు. పోలింగ్ 72.2 శాతం. బయటకు రావాలన్నవారు 51.9 శాతం, ఉండాలన్నవారు 48.1 శాతం. తేడా దాదాపు 12 లక్షల 70 వేల ఓట్లు.

ఆ రాత్రి అందరి కళ్లూ తిరిగింది సండర్లాండ్ వైపు. ఈశాన్య ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, బొగ్గు గనులకు పేరున్న ఊరు అది. ఓట్ల లెక్కింపులో దేశమంతటి కన్నా ముందుండటం అక్కడివారికి పట్టింపు. ఎన్నికల రాత్రి బ్యాలెట్ పెట్టెలను కుర్రాళ్లు చేతులు మార్చుకుంటూ పరుగున లోపలికి మోస్తారు. అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఫలితం చదివారు. బయటకు రావాలని 82,394 మంది, ఉండాలని 51,930 మంది. 61 శాతం! అక్కడ బయటకు రావాలనేవారే ముందుంటారని నిపుణులు ముందే అన్నారు, కానీ ఇంత తేడా ఎవరూ ఊహించలేదు. హాల్లో ఒకవైపు కేకలు, ఈలలు. అదే క్షణంలో మార్కెట్‌లో పౌండు జారడం మొదలైంది. పోలింగ్ ముగిసేటప్పటికి ఒకటిన్నర డాలరు పలికిన పౌండు తెల్లవారేసరికి 1985 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి పడిపోయింది. ఆ దెబ్బ ముంబై దాకా తగిలి, సెన్సెక్స్ ఆ రోజు 600 పాయింట్లకు పైగా నష్టంతో ముగిసింది.

సండర్లాండ్ దగ్గరే నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉంది. వేల కుటుంబాలకు అదే అన్నం పెడుతోంది. అక్కడ తయారయ్యే కార్లలో ఎక్కువ భాగం వెళ్లేది యూరప్‌కే. మర్నాటి నుంచి లండన్‌లో, యూరప్ రాజధానుల్లో, ఇటు మన ఇంగ్లిష్ పత్రికల్లో కూడా ఒకటే పాట. కూర్చున్న కొమ్మను నరుక్కున్నారు, చదువులేనివాళ్లు, అమాయకులు, పత్రికలు రాసింది నమ్మేశారు. ఈ మాటలంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఓటరు ఏ లెక్క వేసుకుని ఓటు వేశాడో అడిగే ఓపిక లేనివాళ్లు తేలికగా అనేసే మాటలివి.

వేల్స్‌లోని ఎబ్బూ వేల్‌నే తీసుకోండి. ఉక్కు పరిశ్రమ మీద బతికిన లోయ అది. 2002లో ఉక్కు కర్మాగారం మూతపడింది. తర్వాత యూరోపియన్ నిధులు వచ్చాయి. మూతపడిన ప్యాసింజర్ రైలు మార్గాన్ని మళ్లీ తెరిచారు, కొత్త కాలేజీ కట్టారు, రోడ్లు బాగుపడ్డాయి. వాటి పక్కనే, ఈయూ జెండాలోలాగా, నీలం రంగు మీద పన్నెండు పసుపు నక్షత్రాల బోర్డులు వెలిశాయి. అయినా ఆ ప్రాంతం 62 శాతం ఓట్లతో బయటకు రావాలంది, వేల్స్ మొత్తంలో అదే అత్యధికం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టారన్నట్టుగా వాళ్ల మీద కథనాలు వచ్చాయి.

కానీ ఒక్కసారి ఆ ఊరి మనిషి వైపు నుంచి చూడండి. తాత, తండ్రి ఇద్దరూ ఫ్యాక్టరీలో పనిచేసి ఇల్లు కట్టుకున్నారు, పింఛను తీసుకున్నారు. కొడుక్కి మిగిలింది గిడ్డంగిలో గంటల లెక్కన ఇచ్చే పని. కొత్త రైలు ఎక్కి వాడు ఉద్యోగం కోసం ఊరు దాటిపోతాడు. బోర్డు మీద నక్షత్రాలు చూసి ఆ తండ్రి ఎవరికి దండం పెట్టాలి? ఓటు అడగడానికి వచ్చిన ప్రధాని, బయటకు వెళితే ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటుందని చెప్పారు. ఇప్పటికే దెబ్బతిన్న ఊళ్లో ఆ బెదిరింపుకు బరువేముంటుంది? ఎప్పుడూ ఓటు వేయనివారు కూడా ఆ రోజు క్యూలో నిలబడ్డారు. మామూలు ఎన్నికల్లో తమ నియోజకవర్గం ఎవరి జేబులో ఉందో వాళ్లకు ముందే తెలుసు. ఈసారి మాత్రం ప్రతి ఓటూ లెక్కలోకి వస్తుందని తెలుసుకునే వచ్చారు.

ఇక గూగుల్ కథ. ఫలితం వచ్చాక బ్రిటన్‌లో జనం ‘ఈయూ అంటే ఏమిటి’ అని వెతుకుతున్నారని వార్త వచ్చింది. ప్రపంచమంతా నవ్వింది. ఓటు వేశాక తెలుసుకుంటున్నారట! ఆ గణాంకం చెప్పింది వెతుకులాట ఎంత పెరిగిందన్నదే. ఎంతమంది వెతికారో అందులో లేదు. వెతికింది ఓటు వేసినవాళ్లా, ఎటు వేసినవాళ్లు, బడి పిల్లలా అన్నదీ లేదు. అయినా 1 కోటీ 74 లక్షల మందిని మూర్ఖులుగా తేల్చడానికి అదే రుజువైపోయింది.

వయసు గొడవ ఇంకా బాధాకరం. ఓటు తర్వాత జరిగిన సర్వేల్లో, 18 నుంచి 24 ఏళ్లవారిలో పదిమందికి ఏడుగురు ఉండాలని, 65 దాటినవారిలో పదిమందికి ఆరుగురు బయటకు రావాలని ఓటు వేసినట్టు తేలింది. దాంతో, ‘మా భవిష్యత్తును పెద్దవాళ్లు దొంగిలించారు’ అన్నారు యువత. వాళ్ల దుఃఖం నాకు అర్థమవుతుంది. 27 దేశాల్లో ఎక్కడికైనా వెళ్లి చదువుకునే, పనిచేసే హక్కు ఒక్క రాత్రిలో చేజారుతోందంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ కోపంలో, పెద్దవాళ్లకు ఓటు ఉండాలా అనే దాకా వెళ్లారు కొందరు. అక్కడ మాత్రం నేను వాళ్లతో లేను. 1975లో ఇదే ప్రశ్న వచ్చినప్పుడు ఉండాలని 67 శాతం ఓటు వేసింది ఆ తరంవాళ్లే. నలభై ఏళ్లు చూసి మనసు మార్చుకునే హక్కు వాళ్లకు లేదా?

గెలిచినవాళ్ల సంగతికి వద్దాం, వాళ్లను వదిలేసే ఉద్దేశం నాకు లేదు. ఆ తెల్లవారుజామున, బయటకు రావాలని ప్రచారం చేసిన నాయకుడు నైజెల్ ఫరాజ్ విజయ ప్రసంగం చేస్తూ, ఒక్క తూటా పేలకుండా ఇది సాధించామన్నారు. సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, జూన్ 16న, జో కాక్స్ అనే ఎంపీని పట్టపగలు తుపాకీతో కాల్చి, కత్తితో పొడిచి చంపారు. ఈయూలో ఉండాలని ప్రచారం చేసిన లేబర్ సభ్యురాలు ఆమె, వయసు 41, ఇద్దరు చిన్న పిల్లల తల్లి. యార్క్‌షైర్‌లోని బిర్‌స్టాల్‌లో తన నియోజకవర్గ ప్రజలను కలవడానికి వచ్చి, లైబ్రరీ బయటే ప్రాణం వదిలారు. మనల్ని విడదీసేవాటి కన్నా మనకు ఉమ్మడిగా ఉన్నవే ఎక్కువని పార్లమెంటులో తన తొలి ప్రసంగంలో చెప్పిన మనిషి. ఆమె అంత్యక్రియలు కూడా కాకముందే ‘ఒక్క తూటా పేలకుండా’ అనడం నాయకుడికి తగిన మాటేనా?

జూన్ 26 ఉదయం లండన్ హామర్‌స్మిత్‌లో పోలండ్‌వారి సాంస్కృతిక కేంద్రం తలుపు మీద ద్వేషపు రాతలు కనిపించాయి. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని హంటింగ్‌డన్‌లో పోలిష్ కుటుంబాల ఇళ్ల దగ్గర, వాళ్లను పురుగులని తిడుతూ రెండు భాషల్లో అచ్చువేసిన కార్డులు దొరికాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో జాతి, మత ద్వేషంతో జరిగిన నేరాలు, 2015 జూలైతో పోలిస్తే 2016 జూలైలో 41 శాతం ఎక్కువ నమోదయ్యాయి. బయటకు రావాలని ఓటు వేసిన ప్రతివాడూ జాతి ద్వేషి కాదు, ముమ్మాటికీ కాదు. కానీ ప్రతి జాతి ద్వేషీ ఆ ఫలితాన్ని తన గెలుపుగానే చూసుకున్నాడు. వాడిని గట్టిగా కసరవలసిన నాయకులు ఆ వారమంతా పదవుల పోరులో మునిగి ఉన్నారు. కసరకపోయినా జనం వచ్చారు. హామర్‌స్మిత్ కేంద్రానికి ఇరుగుపొరుగువాళ్లు పూలగుత్తులు, చేత్తో రాసిన కార్డులు తెచ్చి ఇచ్చారు.

ఓడినవాళ్లలో ఇంకొందరు మళ్లీ ఓటింగ్ పెట్టాలన్నారు. పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఒక విజ్ఞాపన ఉంది: 75 శాతం పోలింగ్ లేకుండా, గెలిచిన పక్షానికి 60 శాతం రాకుండా ఉంటే మళ్లీ నిర్వహించాలని. కొన్ని రోజుల్లోనే 40 లక్షలు దాటిన సంతకాలు వచ్చిపడ్డాయి. సైటు కాసేపు ఆగిపోయింది కూడా. అందులో వేల దొంగ సంతకాలు ఏరి తీసేశారు. విశేషం ఏమిటంటే, దాన్ని ఓటుకు ముందే పెట్టింది బయటకు రావాలనే పక్షం మనిషి, తమ పక్షం ఓడిపోతుందన్న భయంతో. ఆట అయ్యాక నిబంధనలు మార్చమని అడగడం ఏ పక్షానిదైనా తప్పే. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం.

అసలు తప్పు ఎక్కడుందంటే, ప్రశ్నలో. ఇల్లు ఖాళీ చేద్దామా అని ఇంటిల్లిపాదినీ అడిగి, చేసి ఎక్కడికి వెళ్దాం అన్నది అడగకుండా వదిలేసినట్టుంది ఆ ప్రశ్న. ఉమ్మడి మార్కెట్‌లో ఉండాలా, కస్టమ్స్ యూనియన్‌లో, అంటే సభ్య దేశాల మధ్య సుంకాలు లేని ఏర్పాటులో ఉండాలా, ఐర్లండ్ సరిహద్దు మాటేమిటి, ఏదీ బ్యాలెట్‌లో లేదు. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నాం, వాటితో ప్రభుత్వ ఆరోగ్య సేవను బాగుచేద్దామని బయటకు రావాలనేవారు తమ ప్రచార బస్సు మీద రాశారు. ఆ అంకె తప్పుదోవ పట్టిస్తోందని గణాంక సంస్థ అధిపతే అన్నారు. ప్రధాని డేవిడ్ కామెరాన్ ఇంకో ఘనకార్యం చేశారు. బయటకు రావాలని ఫలితం వస్తే ఏం చేయాలో ప్రణాళిక సిద్ధం చేయవద్దని అధికారులకు చెప్పారు. పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ దాన్ని తీవ్ర నిర్లక్ష్యమని తప్పుపట్టింది. ఫలితం వచ్చిన ఉదయమే ఆయన రాజీనామా ప్రకటించారు. ఓటింగ్ పెట్టినవారు వెళ్లిపోయారు, ఓటు వేసినవారు మాత్రం ఒకరినొకరు తిట్టుకుంటూ మిగిలారు.

స్కాట్లండ్ 62 శాతం, ఉత్తర ఐర్లండ్ దాదాపు 56 శాతం ఉండాలన్నా ఇంగ్లండ్ వెంట బయటకు రాక తప్పలేదు. బెల్‌ఫాస్ట్ పోస్టాఫీసుల్లో ఈయూలోనే ఉండిపోయే ఐర్లండ్ పాస్‌పోర్టు కోసం దరఖాస్తు ఫారాలు అయిపోయాయి. స్కాట్లండ్ కోపం వేరే వీడియోకు సరిపోయేంత ఉంది.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. ఈ రెఫరెండంలో, అంటే ప్రజాభిప్రాయ ఓటింగ్‌లో, కామన్వెల్త్ దేశాల పౌరులకు ఓటు ఉంది. అంటే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వర్క్ వీసా మీద వెళ్లి అక్కడ నివసిస్తున్న తెలుగు ఇంజినీరు, భారతీయ పాస్‌పోర్టుతోనే వెళ్లి ఓటు వేయవచ్చు. పదేళ్లుగా అక్కడే పన్ను కడుతున్న పోలిష్ నర్సుకు మాత్రం ఓటు లేదు. తన బతుకే ఆ ఓటు మీద ఆధారపడి ఉన్నా లేదు. ఈయూ నుంచి వచ్చి స్థిరపడిన అలాంటివాళ్లు ముప్పై లక్షల మందికి పైనే. వాళ్ల భవితవ్యం తేల్చిన బ్యాలెట్‌లో మన చేయి కూడా ఉంది.

దక్షిణాసియా మూలాలున్నవారిలో దాదాపు మూడోవంతు మంది బయటకు రావాలనే ఓటు వేశారని సర్వేలు చెప్పాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే స్లౌ 54 శాతంతో బయటకు రావాలంటే, హ్యారో దాదాపు 55 శాతంతో ఉండాలంది. బయటకు అన్నవాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. అమ్మానాన్నలను తెచ్చుకోవాలంటే మాకు సవాలక్ష నిబంధనలు, రుమేనియా నుంచి వచ్చేవారికి వీసానే అక్కర్లేదు, ఇదెక్కడి న్యాయం అన్నారు. వంటవాళ్లు దొరకడం లేదని కర్రీ హోటళ్లవాళ్లు మొరపెట్టుకుంటే, ఈయూ నుంచి బయటపడితే మీకు దారి సుగమమవుతుందని భారత సంతతికి చెందిన మంత్రి ప్రీతి పటేల్ ప్రచారం చేశారు. తర్వాత ఆ హోటళ్లవాళ్లే మోసపోయామన్నారు.

కొందరు దీన్ని 2014 రాష్ట్ర విభజనతో పోలుస్తారు. నాకది అతకదు. ఇక్కడ ఓటింగే జరగలేదు, పార్లమెంటులో బిల్లు పెట్టి తేల్చారు.

2020 జనవరి 31న బ్రిటన్ బయటకు వచ్చింది. మరుసటి ఏడాది నుంచి పాయింట్ల వీసా విధానం, చదువు అయ్యాక రెండేళ్ల పని వీసా వచ్చాయి. యూరప్ నుంచి రాక తగ్గింది, భారత్ నుంచి పెరిగింది. మన జిల్లాల నుంచి అప్పు చేసి లెస్టర్‌కో కొవెంట్రీకో వెళ్లిన పిల్లలు మీ ఇంటి చుట్టుపక్కలే ఉంటారు. వలసలు తగ్గాలని ఓటు వేసిన మనిషికి అవి రికార్డు స్థాయికి చేరడం కనిపించింది. తన మాట మళ్లీ ఎవరూ వినలేదని వాడు అనుకుంటే తప్పు పట్టలేను. ఆ కోపం ఇప్పుడు మన పిల్లల వైపు తిరుగుతోందన్నదే నా భయం. 2024 ఆగస్టు అల్లర్లలో వలసవచ్చినవాళ్లను ఉంచిన హోటళ్ల మీద దాడులు చూశాం. దానికి జవాబుగా ఆ ఊళ్లవాళ్లను మనం కూడా మూర్ఖులనడం మొదలుపెడితే, లండన్ పత్రికలు 2016లో చేసిన పనే మళ్లీ చేసినట్టు.

ఆ జూన్‌లో అక్కడ ఉండి ఓటు వేసిన తెలుగువారు ఈ వీడియో చూస్తుంటే నాకు రాయండి. ఎటు వేశారు, ఎందుకు వేశారు, మర్నాడు ఆఫీసులో పక్క సీటు మనిషి మీతో ఏమన్నాడు, మీరేమన్నారు. ఎటు వేసినవారైనా సరే. పేర్లు చెప్పకుండా వచ్చే వీడియోలో చదువుతాను.