కావలిలో కూర్చుని చెన్నైకి పనిచేస్తే ఉద్యోగా, కన్సల్టెంటా?

వ్యాఖ్యాత: నమస్కారం. నెల్లూరులో చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఆడిటర్ గారు ఈ ఎపిసోడ్‌లో మనతో ఉన్నారు. మేడం, కావలిలో ఇంటి నుంచే ఒక చెన్నై కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే కుర్రవాడు ఉన్నాడనుకుందాం. మాట్లాడుకున్నది నెలకు 60,000 రూపాయలు, ఖాతాలో పడేది 54,000. ఆ 6,000 ఏమవుతున్నట్టు?

ఆడిటర్: అది టీడీఎస్ అండీ, అంటే డబ్బు చెల్లించే ముందే కంపెనీ కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. అలా కోసిన పన్నుల వివరాలుండే అతని ఫారం 26ఏఎస్ తెరిస్తే 2025-26లో ప్రతి చెల్లింపు పక్కన 194జె అనే సెక్షన్ కనిపిస్తుంది. వృత్తి నిపుణుల ఫీజు మీద 10 శాతం కోత అని దాని అర్థం. సెలవు కావాలంటే మేనేజరును అడగాలి, చెప్పిన వేళకు లాగిన్ కావాలి, లాప్‌టాప్ కూడా కంపెనీదే. అయినా వాళ్ల పుస్తకాల్లో అతను ఉద్యోగి కాడు, కన్సల్టెంటు.

వ్యాఖ్యాత: అలా ఉంటే పన్ను కలిసివస్తుందని అంటారు కదా?

ఆడిటర్: ఎవరికి కలిసివస్తుందో లెక్క వేసి చూద్దాం. ఆదాయపు పన్ను చట్టంలో వృత్తి నిపుణుల కోసం ఉన్న 44ఏడీఏ సెక్షన్ కింద వసూళ్లలో సగమే ఆదాయంగా చూపవచ్చు. ఇతని ఏడాది వసూళ్లు 7,20,000, సగం 3,60,000. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు కాబట్టి కోసిన 72,000 రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. అయితే ఇదే మొత్తాన్ని జీతంగా ఇచ్చినా, జీతగాళ్లకు ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేశాక, నిర్ణీత ఆదాయం వరకు పన్నును మాఫీ చేసే రిబేటుతో పన్ను సున్నాయే. అంటే పైసా లాభం లేకుండానే అతను పీఎఫ్, గ్రాట్యుటీ పోగొట్టుకున్నాడు. నెలకు లక్షన్నర తీసుకునేవారి సంగతి వేరు: 18 లక్షల జీతం మీద సెస్సుతో కలిపి 1,50,800 కట్టాలి, 44ఏడీఏ కింద 9 లక్షలే చూపితే రిబేటు పోగా ఏమీ మిగలదు. ఈ సెక్షన్ సొంతంగా ప్రాక్టీసు చేసే ఇంజనీర్లు, డాక్టర్లు, లాయర్ల వంటి వారికోసం పెట్టింది. ఉద్యోగం చేస్తూ ఆ గొడుగు కింద నిలబడితే, ఆ ఫీజు నిజానికి జీతమేనని ఆదాయపు పన్ను శాఖ వాదించవచ్చు. ఆసుపత్రుల కన్సల్టెంట్ డాక్టర్ల విషయంలో ఇలాంటి వివాదాలే కోర్టుల దాకా వెళ్లాయి.

వ్యాఖ్యాత: కొత్త ఆదాయపు పన్ను చట్టం దీన్ని తేల్చలేదా?

ఆడిటర్: లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 చట్టం భాషను సరళం చేసింది, సెక్షన్ల సంఖ్యలు మార్చింది. ఎవరు ఉద్యోగి, ఎవరు కాదు అన్నదాన్ని మాత్రం మునుపటిలాగే ఒప్పందానికీ, కోర్టులకూ వదిలేసింది. సామాజిక భద్రతా కోడ్ అనే మరో చట్టం గిగ్ కార్మికులను, అంటే యాప్‌ల ద్వారా పని తీసుకునే డెలివరీ కుర్రాళ్ల వంటి వారిని గుర్తించింది, వారి నిధికి యాప్ సంస్థలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం చెల్లించాలని చెప్పింది. నేరుగా కంపెనీకి పనిచేసే మన కావలి కుర్రవాడి తరఫున ఆ వాటా కట్టేవారెవరూ లేరు.

వ్యాఖ్యాత: రాజకీయంగా మార్పు వస్తుందని ఆశ పెట్టుకోవచ్చా?

ఆడిటర్: బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. ఉద్యోగిలా పనిచేస్తూ సొంత కంపెనీ పేరుతో బిల్లు వేసేవారికి ఉద్యోగులలాగే పన్ను వేయడానికి అక్కడ 2000లోనే ఐఆర్35 అనే నిబంధన తెచ్చారు. 2021 ఏప్రిల్ నుంచి, ఎవరు ఏ కోవకు వస్తారో తేల్చే బాధ్యత ప్రైవేటు రంగంలోని మధ్యతరహా, పెద్ద కంపెనీల మీద పడింది. 2022 సెప్టెంబరు 23న ఆర్థిక మంత్రి క్వాసి క్వార్టెంగ్ ఆ మార్పును రద్దు చేస్తామన్నారు. అక్టోబరు 17న, ఆయన స్థానంలో వచ్చిన జెరెమీ హంట్ ఆ రద్దునే వెనక్కి తీసుకున్నారు. ఖజానాకు డబ్బు కావలసినప్పుడు ఇలాంటి హామీలే ముందు పోతాయి. మన దగ్గర అయితే మార్పు కావాలని అడిగేవారే లేరు. తలా ఒక గదిలో కూర్చుని పనిచేసేవారికి సంఘం లేదు, ఎక్కువ సంపాదించేవారికి ఇప్పటి పద్ధతే బాగుంది. అందుకే ఇప్పట్లో మార్పు వస్తుందని నేను అనుకోను.

వ్యాఖ్యాత: మరి ఆ కుర్రవాడు ఇప్పుడు ఏం చేయాలి?

ఆడిటర్: సంతకం పెట్టకముందే, జీతం పద్ధతిలో ఎంత ఇస్తారో కంపెనీని కాగితం మీద అడగాలి. పీఎఫ్, ఆరోగ్య బీమా, గ్రాట్యుటీల విలువ ఫీజులో కలిపి ఇవ్వకపోతే 60,000 అన్న అంకె చూసి ఒప్పుకోకూడదు.