గుడ్డు సాండ్‌విచ్: తడిని ఆపితే చాలు

అందరికీ నమస్కారం. ఇంటికి దూరంగా రూముల్లో ఉంటూ, రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగి వచ్చి ఏం తెప్పించుకుందామా అని ఫోన్ చేతిలోకి తీసుకునే మీకోసమే ఈ నాలుగు మాటలు. రెండు గుడ్లు, రెండు బ్రెడ్ ముక్కలు, ఒక చిన్న ఉల్లిపాయ, కాస్త వెన్న, ఊరి నుంచి అమ్మ పంపిన కారప్పొడి ఉంటే పావుగంటలో కడుపు నిండుతుంది. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. బండి మీద బ్రెడ్ ఆమ్లెట్ అంటే నాకూ ప్రాణమే, కానీ ఇవాళ చెప్పేది గుడ్డును గిలకొట్టకుండా అలాగే పెనం మీద వేయించి బ్రెడ్ మధ్య పెట్టుకునే సంగతి.

దీన్ని చెడగొట్టేది తడి. ఒకసారి సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కే తొందరలో వేడివేడిగా చేసి స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను. కాజీపేట దాటాక తీస్తే మూత లోపలంతా నీటి చుక్కలు, అడుగు బ్రెడ్ మెత్తటి ముద్దయి వేళ్లకు అంటుకుంది. ఆకలి మీదున్నాను, తినలేకపోయాను. అప్పటి నుంచి నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయా అనే చూస్తున్నాను.

మొదట బ్రెడ్. పెనం మీద రెండు వైపులా కాల్చండి, లోపలికి వచ్చే వైపు ఇంకాస్త ఎర్రగా. కాల్చిన ముక్కల్ని పళ్లెంలో పడుకోబెట్టొద్దు, కింద ఆవిరి పట్టి మళ్లీ మెత్తబడతాయి. పేకముక్కల్లా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. తర్వాత లోపలి వైపు అంచుల దాకా వెన్న రాయండి, తడి బ్రెడ్‌లోకి దిగకుండా అదే అడ్డం పడుతుంది. ఆ వెన్న మీదే కారప్పొడి చల్లండి. నాకైతే వెల్లుల్లి వేసి దంచినదే కావాలి.

ఉల్లిపాయ సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేసి, ఐదు నిమిషాలాగి పిడికిట్లో పిండండి, ఎన్ని నీళ్లు కారతాయో మీరే చూస్తారు. టమాటా నేను వేయను.

ఇక గుడ్డు. నీళ్లలో వేస్తే అడుగున పడుకునేది తాజాది, తేలితే పారేయండి. తాజా గుడ్డయితే తెల్లసొన పలచగా పారిపోకుండా పచ్చసొన చుట్టూ గట్టిగా నిలబడుతుంది. ముందు చిన్న గిన్నెలోకి పగలగొట్టుకుంటే పెంకు ముక్క పడినా తీసేయొచ్చు. రెండు చెంచాల నూనె బాగా కాగాక మెల్లగా జార్చండి. ఆ చిటపట అంతా తెల్లసొనలోని నీరు ఆవిరైపోతున్న చప్పుడే. అంచులు ఎర్రబడి కరకరలాడేలా అయ్యాక మంట సిమ్‌లో పెట్టి ఒక్క నిమిషం మూత వేయండి. తెల్లసొన అరవై డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొనకు ఇంకో ఐదారు డిగ్రీలు కావాలి, ఆ కాస్త తేడాలోనే రుచంతా ఉంది, అందుకే మంట తగ్గించమంటున్నాను. మూత తీస్తే పచ్చసొన మీద పలచటి తెల్లటి పొర కనపడుతుంది. అప్పుడు అట్లకాడతో తిరగేసి, ఇరవై అంకెలు లెక్కపెట్టి దించేయండి. లోపల తేనెలా చిక్కగా ఉంటుంది. హాఫ్ బాయిల్‌లా పలచగా వదిలేస్తే మొదటి ముక్కకే మణికట్టు దాకా కారిపోతుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు మాత్రం పచ్చసొన చిదిపి రెండు వైపులా పూర్తిగా ఉడికించాల్సిందే, ఇందులో మొహమాటం వద్దు.

బ్రెడ్ మీద ఉల్లిపాయ, దానిపై రెండు గుడ్లు, ఉప్పు, మిరియాల పొడి, పైన ఇంకో ముక్క. అరచేత్తో ఒక్కసారి మెల్లగా అదిమి, మూల నుంచి మూలకు కోసి వెంటనే తినండి.

ప్రయాణానికైతే పచ్చసొన గట్టిగా ఉడికించి, గుడ్డూ బ్రెడ్డూ విడివిడిగా పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు కలిపి కాగితంలో చుట్టుకోండి. నేనిప్పుడు స్టీలు డబ్బా తీసుకెళ్లడం లేదు.