ప్లాన్ గీసే చేతికి రాత ఎందుకు

అందరికీ నమస్కారం.

అర్బన్ డిజైన్, అంటే నగరంలో వీధులకూ కూడళ్లకూ బహిరంగ స్థలాలకూ రూపమిచ్చే విద్య, చదివే విద్యార్థులకు రాత వల్ల ఏం ఒరుగుతుందో చెప్పమన్నారు. ఉద్యోగానికీ పై చదువుకీ పనికొస్తుందని మీకు తెలుసు, దానికోసం నేను రానక్కర్లేదు. నాకు ఆసక్తి ఉన్న సంగతి ఇంకొకటి. డ్రాయింగ్ షీటు దగ్గర చాలాసార్లు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంటుంది: అక్కడ ఎవరు, ఏ వేళ, ఏం చేస్తూ ఉంటారు? అదే చోటు గురించి మామూలు పాఠకుడికి నాలుగు మాటలు రాయబోయి చూడండి, ఆ ప్రశ్న దారికి అడ్డంగా నిలబడుతుంది.

ప్లాన్‌లో ఖాళీ జాగా ఒకటి వదిలి, నాలుగు చెట్లు పెట్టి, "పబ్లిక్ ప్లాజా" అని రాస్తాం. కట్టాక ఎలా ఉంటుందో చూపే బొమ్మలో, అదే రెండరింగ్‌లో, పిల్లలు బెలూన్లు పట్టుకుని పరిగెడుతుంటారు. (ఆ బెలూన్ల పిల్లలు లేని ప్రాజెక్టు నాకింతవరకూ కనబడలేదు. వాళ్లకి బడి ఉండదు, వానా తగలదు.) మన డిజైన్లను పరీక్షించే జ్యూరీ తలూపుతుంది. ఇప్పుడు దాన్నే మాటల్లో పెట్టండి. "ఈ ప్లాజా జనంతో కళకళలాడుతుంది" అని మొదటి వాక్యం సులువుగానే వస్తుంది. రెండో వాక్యం దగ్గర చెయ్యి ఆగుతుంది. ఏ గంటలో కళకళలాడుతుంది? కూర్చోడానికి ఏముంది? మధ్యాహ్నం నీడ ఏ వైపు పడుతుంది? రాత్రి పదింటికి పని ముగించుకుని వెళ్లే అమ్మాయి ఇందులోంచి నడుస్తుందా, చుట్టూ తిరిగి వెళ్తుందా? వీటికి జవాబులు మన దగ్గర ఉండవు. మళ్లీ సైట్‌కి వెళ్లాల్సిందే.

అలా వెళ్లి చూసిన మనిషి విలియం వైట్. ఆర్కిటెక్టు కాదు, పత్రికా రచయిత. న్యూయార్క్‌లో 1961 నాటి జోనింగ్ నిబంధనలు, అంటే ఎక్కడ ఏది ఎంత కట్టొచ్చో చెప్పేవి, భవనం ముందు ప్లాజా వదిలినవాళ్లకి అదనపు అంతస్తుల అవకాశం ఇచ్చాయి. ప్లాజాలు వచ్చాయి గానీ, చాలావాటిలో జనం లేరు. 1970ల్లో వైట్ యువ సహాయకులను వెంటేసుకుని, కెమెరాలు పెట్టి, ఎవరు ఎక్కడ ఎంతసేపు ఉంటున్నారో లెక్క రాసుకున్నాడు. తేలిందేమిటంటే, కూర్చోడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటారు! ఇంతేనా అని నవ్వొస్తుంది. కానీ అంతమంది నిపుణులు గీసిన ప్లాజాల్లో లోపించింది అదే. 1975లో నగరం నిబంధనలు మార్చింది. ప్రతి 30 చదరపు అడుగుల ప్లాజాకి ఒక అడుగు పొడవున కూర్చునే చోటు ఉండాలంది.

ఆయన గమనించిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది వేరే ఉంది. ఇద్దరు పరిచయస్థులు ఎదురుపడితే పక్కకు తప్పుకుని మాట్లాడుకుంటారని మనం అనుకుంటాం, అందుకు మూలల్లో జాగా వదులుతాం. నిజానికి చాలామంది జనం నడిచే దారి నడుమనే నిలబడి మాట్లాడుకుంటారట. ఊహించి గీసేవాడికి ఇది ఎప్పటికీ తట్టదు. చూసింది చూసినట్టు రాసుకునేవాడికే దొరుకుతుంది.

ఇక జేన్ జేకబ్స్. నగరాల గురించి రాసిన అమెరికన్ రచయిత్రి. 1956లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్టు హోసె లూయీ సెర్ట్ ఆధ్వర్యంలో ఒక సదస్సు జరిగింది. అర్బన్ డిజైన్ ప్రత్యేక అధ్యయన విభాగంగా రూపు కట్టడానికి అదే నాంది అంటారు. ఒక ఆర్కిటెక్చర్ పత్రిక సంపాదకుడు తాను రాలేక, బదులుగా తన దగ్గర పనిచేసే ఈమెను పంపాడు. ఆర్కిటెక్చర్ పట్టా లేదు, ప్లానింగ్ పట్టా లేదు. ఆమె న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెం గురించి మాట్లాడింది. అక్కడ పాత వీధులు కూల్చి పెద్ద పెద్ద ఇళ్ల సముదాయాలు కడుతున్నారు. కూలిపోతున్నవాటిలో చిన్న దుకాణాలు ఎన్నో. ప్లాన్‌లో అవి వ్యాపార స్థలం, అంతే. కానీ వీధివైపు ఉన్న ఆ గదుల్లోనే క్లబ్బులు, చిన్న చర్చిలు నడిచేవి, ఇరుగుపొరుగు కలుసుకునేవారు. కొత్త సముదాయాల్లో ఆ కలయికలకు చోటే లేదు. ఇదంతా ఆమెకు ఎలా తెలిసిందనుకున్నారు? ఆ పేటలో సేవాసంస్థ నడుపుతున్న విలియం కర్క్ ఆమెను వెంటబెట్టుకుని వీధులన్నీ తిప్పాడు.

ఇందులో విద్యార్థులు పట్టించుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉంది. అంతకు ఏడాది ముందు ఆమె కూడా ఫిలడెల్ఫియా నగర పునర్నిర్మాణ పథకాన్ని మెచ్చుకుంటూ రాసినావిడే. తర్వాత మనసు మార్చుకుంది, పాత రాత మాత్రం అచ్చులో ఉండిపోయింది. అచ్చులో ఉన్న అభిప్రాయం ఎదురుగా నిలబడి నిలదీస్తుంది. బుర్రలో మాత్రమే ఉన్నదైతే మనకు తెలియకుండానే రంగు మార్చేసి, "నేను మొదట్నుంచీ ఇదే అన్నాను" అనిపిస్తుంది.

భాష గురించి ఒక్క మాట. కనెక్టివిటీ (దారుల అనుసంధానం), పర్మియబిలిటీ (ఒక చోటులోంచి సులువుగా నడిచి వెళ్లగలగడం), వైబ్రెన్సీ (కళకళలాడటం). ఈ మాటలు లేకుండా మన జ్యూరీలు నడవవు. నేను వాటికి శత్రువును కాను, నిపుణులకి ఇలాంటి పారిభాషిక పదాలు అవసరమే. కానీ "ఈ బ్లాకుకు పర్మియబిలిటీ తక్కువ" అనే బదులు, "బస్సు దిగిన మనిషి ఎదురుగా కనబడే ఆసుపత్రికి చేరాలంటే గోడ పొడవునా నడిచి తిరిగి రావాలి" అని రాస్తే, గోడ ఎక్కడ తెరవాలో కూడా ఆ వాక్యమే చూపిస్తుంది. అక్కడ ఉండేవాళ్లు దాన్ని చదివి, "ఆ గోడకి అవతల గేటు ఉంది, తాళం వేస్తారు" అని చెప్పగలుగుతారు. పారిభాషిక పదాలకు అలాంటి జవాబు రాదు. ఊరివాళ్ల మాటకున్న బలానికి ఇంకో ఉదాహరణ: నగర ప్రణాళికా పండితుడు కెవిన్ లించ్ అమెరికాలోని బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ వాసుల చేత వాళ్ల నగరాల పటాలు జ్ఞాపకం మీద గీయించి, 1960లో ఆ ఫలితాలు వెలువరించాడు. జెర్సీ సిటీ వాళ్లకి తమ ఊరి గురించి చెప్పడానికి గట్టి గుర్తులు కరువయ్యాయి, నది అవతలి న్యూయార్క్ భవనాల వరుసే తలపుకొచ్చింది. ఒక ఊరి లోపం ఆ ఊరివాళ్ల మాటల్లోనే బయటపడింది.

రాతకీ హద్దుంది. మెట్టు ఎంత ఎత్తుండాలో, ఫుట్‌పాత్ ఎంత వెడల్పుండాలో వాక్యం తేల్చదు, టేపూ స్కేలూ తియ్యాలి. పైగా రాత తీపెక్కిపోయే ప్రమాదం ఉంది. పాత వీధి కనబడగానే కొందరు కవులైపోతారు, అక్కడి మురుగు కాలవ మాత్రం వాళ్ల పేరాలోకి రాదు. అందుకే ప్రసిద్ధమైన కూడళ్ల జోలికి మొదట్లో వెళ్లొద్దంటాను. బస్టాపు, రైల్వే స్టేషన్ వెనక గేటు, ఆఫీసు భవనం పక్క సందు... ఇలాంటివి రాయండి.

ఈ సెమిస్టర్ స్టూడియోలో మీకిచ్చిన సైట్‌నే తీసుకోండి. షీట్లతో పాటు ఒక పేజీ రాయండి. అందులో అందమైన, సజీవమైన లాంటి విశేషణాలు వద్దు, గంటలూ మనుషులూ పనులూ ఉండాలి. దాన్ని జ్యూరీ కన్నా ముందు, ఆ సైట్ పక్కన రోజూ పనిచేసుకునే ఎవరికైనా చదివి వినిపించండి. "ఇక్కడ అలా జరగదండీ" అని వాళ్లు అన్న ప్రతిచోటా ప్లాన్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. వచ్చే క్లాసులో ముందు ఆ గుర్తుల గురించే మాట్లాడుకుందాం.

ఇక మీ ప్రశ్నలు అడగండి.