ఫోర్జ్‌డ్ ఐరన్స్ కొంటున్నారా? 7 ఐరన్ కాదు, 5 ఐరన్ అడగండి!

నమస్తే అండీ. "ఫోర్జ్‌డ్ ఐరన్స్ ఫీల్ బాగుంటుందంట గదన్నా, మనలాంటోళ్ళకి మాత్రం కష్టమంట" అని ఇటు నెల్లూరులో, అటు ఒంగోల్లో గోల్ఫ్ మొదలుపెట్టిన మనవాళ్ళు అడుగుతున్నారు. ఇందులో సగమే నిజం. ఐరన్స్ అంటే ఉక్కు తల ఉండే గోల్ఫ్ క్లబ్బులు. నంబరు తగ్గేకొద్దీ క్లబ్ పొడుగు, బంతి పోయే దూరం ఎక్కువ. ఆ తలని రెండు రకాలుగా చేస్తారు: కాస్ట్, ఫోర్జ్‌డ్.

కాస్ట్ అంటే ఉక్కును కరిగించి అచ్చులో పోస్తారు. ఎక్కువగా 17-4 రకం స్టెయిన్‌లెస్ స్టీల్. ఫోర్జ్‌డ్ అంటే కార్బన్ స్టీల్ కడ్డీని ఎర్రగా కాల్చి, అచ్చుల మధ్య పెట్టి గట్టిగా కొడతారు. 1020, 1025 అని చెప్తుంటారే, అవి ఆ ఉక్కు రకాలు. అది కాస్త మెత్తన. అందుకే మన ఎత్తుకి, మన స్వింగ్‌కి తగ్గట్టు లై (కర్ర నేలకి వాలే కోణం), లాఫ్ట్ (బంతికి తగిలే ముఖం వెనక్కి వాలే కోణం, తగ్గితే బంతి దూరం పోతుంది) ఒకటి రెండు డిగ్రీలు సులువుగా వంచిస్తారు. ఫోర్జ్‌డ్‌కి ఎక్కువ డబ్బులు పెట్టడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే. ఫీల్ ఆ తర్వాత.

అసలు ఫీల్ అంటే ఏంది? బంతి క్లబ్ ఫేస్ మీద ఉండేది దాదాపు అర మిల్లీసెకను. మనకి తెలిసేదంతా చేతికొచ్చే అదురు, చెవికి వినపడే చప్పుడు. చెవుల్లో దూది పెట్టుకుని నాలుగు బంతులు కొట్టి చూడండి, ఫీల్ ఎంత మిగుల్తుందో! తగిలిన చోట వెనకాల ఉక్కు దళసరిగా ఉంటే చప్పుడు మెత్తగా వస్తుంది. బ్లేడ్‌లో (వెనక గుంట లేని, చిన్న తల ఐరన్) అదే చేస్తారు. కానీ బంతి పక్కకి తగిలిందా, క్రికెట్ బ్యాట్ అంచుకి తగిలినట్టు చేతులు జివ్వుమంటాయి, బంతి ముందే పడిపోతుంది. అదే బరువుని అంచులకి జరిపితే, పక్కకి తగిలినా క్లబ్ అంతగా మెలి తిరగదు. పింగ్ క్లబ్బుల కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1960ల్లోనే ఐరన్స్‌లో ఈ కిటుకు వాడాడు. ఫర్గివ్‌నెస్ అంటే ఇదే. ఫోర్జ్ చేశారా, పోత పోశారా అన్నదానికంటే బరువు ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం.

ఇప్పుడు షాపుకి వెళ్తే మీ చేతికి 7 ఐరన్ ఇస్తారు. టైటిలిస్ట్ కంపెనీ టీ100 సెట్‌లో 7 ఐరన్ లాఫ్ట్ 34 డిగ్రీలు. టేలర్‌మేడ్ పీ790లో 30.5. టీ100లో 6 ఐరనే 30 డిగ్రీలు! అంటే పీ790 దూరం పోయిందని మురిసిపోతే, మీరు కొట్టింది ఇంచుమించు ఇంకో సెట్‌లో 6 ఐరన్‌ని. పీ790 మంచి క్లబ్బే, కాదనను. ఫోర్జ్‌డ్ అంటారు గానీ లోపల బోలు, అందులో ఫోమ్ నింపుతారు. ఆ చప్పుడు నాకైతే నచ్చలేదు.

అందుకే 5 ఐరన్ అడగండి. మన లోపాలన్నీ బయటపడేది దాంతోనే. బంతి వెనక వైట్‌బోర్డు మార్కర్‌తో చుక్క పెట్టి కొట్టండి, ఎక్కడ తగిలిందో ఫేస్ మీద అచ్చు పడుతుంది. నాలా మైపాడు రోడ్డు పక్కన నెట్ కట్టుకుని ప్రాక్టీస్ చేసేవాళ్ళకి ఇది మరీ అవసరం. నెట్‌లో బంతి ఎంత దూరం పోయిందో కనపడదు గదా, చప్పుడు బాగుంటే షాట్ బాగుందనుకుంటాం. మద్రాసు పోయి కోర్సు మీద ఆడితే గానీ లెక్క తేలదు.

హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి లెక్క, తక్కువైతే ఆట మెరుగు) 12 నించి 20 మధ్య ఉన్నవాళ్ళకి నా ఓటు మిజునో ప్రో 243కి. అందులో 4 నించి 7 దాకా క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కు, సోల్‌లో, అంటే క్లబ్ అడుగున, సన్నటి గాడి కూడా ఉంటుంది. పొడుగు క్లబ్బులకి ఆ సాయం కావాలి. 8 నించి మెత్తటి 1025. గ్రీన్ (బంతి పడాల్సిన గుంట ఉండే చోటు) దగ్గర ఫీల్ కావాల్సింది అక్కడేగా. టైటిలిస్ట్ టీ150, టీ100 కలిపి కూడా ఇట్టా సెట్ చేసుకోవచ్చు. అయితే టీ150 7 ఐరన్ 32, టీ100 8 ఐరన్ 38. మధ్యలో ఆరు డిగ్రీలు ఖాళీ. వంచించి సర్దుకోకపోతే ఆ మధ్య దూరానికి మీ బ్యాగ్‌లో క్లబ్ ఉండదు.

ఇంకో మాట. మనది సముద్రపు గాలి. కార్బన్ స్టీల్ మీద క్రోమ్ పూత అరిగినచోట తుప్పు పట్టేస్తుంది. పూత లేని రా ఫినిష్ ఎంత ముచ్చటగా ఉన్నా మన వైపు వద్దు. ఆడినాక తడి తుడిచి పెట్టండి, డిక్కీలో వదిలేయకండి.